జర్మన్ స్ట్రాంగ్ వెర్బ్స్ నాకు ఎలా వంటబట్టాయంటే

నర్సు ఉద్యోగానికి జర్మనీ రావాలని బీ1 (జర్మన్ భాషలో మధ్యస్థాయి) చదువుతున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, పుస్తకం చివరున్న ఆ క్రియల పట్టిక మొత్తం బట్టీ పట్టాలా అక్కా అని. వద్దు. అది అక్షరక్రమంలో ఉంటుంది, అలా చదివితే నోటికి రాదు.

మామూలు క్రియలతో ఇబ్బంది లేదు, మాఖెన్ (చేయడం) జరిగిపోయిన పని గురించి చెప్పేటప్పుడు గెమాఖ్ట్ అవుతుంది, అంతే. స్ట్రాంగ్ వెర్బ్స్‌కి చివర ఎన్ వస్తుంది, చాలావాటికి మధ్యలో అచ్చు కూడా మారిపోతుంది. అందుకే నేను ఒకేలా మోగేవాటిని ఒకచోట చేర్చి రాసుకున్నాను. ట్రింకెన్ గెట్రుంకెన్, ఫిండెన్ గెఫుండెన్, జింకెన్ గెజుంకెన్ ఒక గుంపు, బ్లైబెన్ గెబ్లీబెన్, ష్రైబెన్ గెష్రీబెన్, ష్టైగెన్ గెష్టీగెన్ ఇంకో గుంపు, తర్వాత హెల్ఫెన్ గెహోల్ఫెన్, ష్ప్రెఖెన్ గెష్ప్రోఖెన్, నేమెన్ గెనొమ్మెన్. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఎక్కాలు అప్పజెప్పినట్టు పైకే అనేదాన్ని. మనసులో చదువుకుంటే సరిపోదు, పైకి అనాల్సిందే.

ఈ రూపానికి తోడుగా సహాయక క్రియ ఒకటి రావాలి, అది హాబెన్ పెట్టాలా జైన్ పెట్టాలా అన్నది అసలు టెన్షన్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలినా, స్థితి మారినా జైన్ వస్తుంది, పడటం, లేవడం, చనిపోవడం అన్నీ అందులోకే. బ్లైబెన్ అంటే ఉండిపోవడం, అందులో కదలికే లేదు, అయినా జైనే, దానికి కారణం వెతుక్కుంటూ కూర్చోకండి. నేను ఏ క్రియనీ విడిగా రాసుకోలేదు, ఇస్ట్ గెఫాలెన్ (పడ్డాడు, ఇస్ట్ అనేది జైన్ రూపం), హాట్ గెగెస్సెన్ (తిన్నాడు, హాట్ అనేది హాబెన్ రూపం) అని జంటగానే రాసుకున్నాను.

వాక్యం కట్టడంలో మాత్రం తెలుగువాళ్లకి కలిసొస్తుంది. నేను నిన్న అక్కతో కాఫీ తాగాను అనడానికి ఇష్ హాబె గెస్టెర్న్ మిట్ మైనర్ ష్వెస్టర్ కాఫే గెట్రుంకెన్ అంటారు, ఆ హాబె ఒక్కటి పక్కన పెడితే క్రియ మనకి అలవాటైన చోటే, చివర్లోనే ఉంది.

ఇదంతా పరీక్ష కోసమే అనుకోకండి. వార్డులో ఊబెర్‌గాబె ఉంటుంది, అంటే షిఫ్ట్ దిగేటప్పుడు పేషెంట్ల సంగతి తర్వాత వచ్చేవాళ్లకి అప్పజెప్పడం, అందులో సగం మాటలు ఇవే. రాత్రి బాగా పడుకున్నాడు గెష్లాఫెన్, మాత్ర వేసుకున్నాడు గెనొమ్మెన్, వాంతి చేసుకున్నాడు ఎర్‌బ్రోఖెన్ (ముందు ఎర్ ఉంది కాబట్టి దీనికి గె రాదు), జ్వరం పెరిగింది గెష్టీగెన్, బీపీ పడిపోయింది గెజుంకెన్. వినేవాళ్లు రాసుకుంటూ ఉంటారు, తడుముకుంటూ చెబితే పేషెంట్‌కే నష్టం. అందుకే మీ నోట్సులో మొదటి పేజీ ఈ క్రియలకే ఇవ్వండి, పాటలు పాడటం, గుర్రమెక్కడం లాంటివి తర్వాత చూసుకోవచ్చు.

ఈ గుంపులు పారేయకండి, ముందుముందు ప్రేటెరిటుమ్‌లో (ఎక్కువగా రాతలో వాడే భూతకాలం) ట్రాంక్, ఫాండ్, జాంక్ అని మళ్లీ అదే వరసలో వస్తాయి.