నలభైకి రెండు తక్కువ

ఆదివారం పొద్దున్నే నూజివీడు తోటకి వెళ్లేసరికి నాన్న పెద్ద బంగినపల్లి చెట్టు కింద కూర్చుని రాలిన పిందెలు ఏరుతున్నాడు. చాలావరకు బఠాణీ గింజంత, కొన్ని గోళీకాయంత. ఒకటి నా అరచేతిలో పెట్టి "తొడిమ చూడు" అన్నాడు. తెగిన చోట సన్నగా పసుపుపచ్చ చార. గాలికి తెగితే అక్కడ పచ్చిగా ఉంటుందట. ఇది చెట్టు తనంతట తనే వదిలేసింది.

కొంత రాలడం ఏటా ఉండేదే. కానీ ఏప్రిల్‌లో చూడాల్సిన ఎండ మార్చి మధ్యకే వచ్చి కూర్చుంది. 15 నుంచి ఒంటిపూట బడులు పెట్టారు. మావాడు పన్నెండున్నరకి బడి నుంచి బయటపడతాడు, సరిగ్గా మాడు పగిలే వేళకి!

మా ఇంట్లో వాతావరణ శాఖ నేనే. విజయవాడలో ఆఫీసు అయ్యాక బస్సులో కూర్చుని అమరావతి కేంద్రం బులెటిన్, విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాల లిస్టు నాన్నకి ఫోన్లో చదువుతా. "మన మండలానికి వడగాలి రాశారా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో మైదానంలో వడగాలి అనాలంటే కనీసం 40 డిగ్రీలు ఉండాలి, అదీ మామూలు కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువగా. మా వరండాలోని థర్మామీటర్ మూడు రోజులుగా 38 దగ్గరే ఉంది. అంటే మాకు వడగాలి లేనట్టే.

"ఆ ముక్క పిందెకి చెప్పు" అన్నాడు.

నాకు ఆ నలభై మీద కోపం లేదు. అది మనుషుల కోసం పెట్టుకున్న లెక్క. నా బాధల్లా రాత్రుల గురించి. మామిడి పూతకి రాత్రి చలి కావాలి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద సగటున 2025 ఫిబ్రవరి అంత వేడి ఫిబ్రవరి లేదని ఐఎండీనే చెప్పింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఈసారి అందాకా కూడా ఆగలేదు. మార్చి నుంచి మే దాకా వేడి మామూలు కన్నా ఎక్కువేనని కూడా చెప్పారు. అది విన్నాడేమో, తోట గుత్తకి మాట్లాడుకున్న వ్యాపారి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇప్పుడు చేయగలిగింది రెండే. పాదుల్లో పలచగా తడి ఇవ్వడం, పిందె రాలకుండా ఆపే ప్లానోఫిక్స్ మందు 4.5 లీటర్ల నీళ్లకి ఒక ఎంఎల్ కలిపి ఎండ దిగాక కొట్టడం. పక్క తోటాయన మిట్టమధ్యాహ్నం కొడుతుంటే నాన్న గట్టు మీద నుంచే కేకలేశాడు.

నిన్న రాత్రి బులెటిన్లో చల్లటి కబురు కనిపించింది. వారాంతంలో అక్కడక్కడా ఉరుములతో జల్లులు, ఎండ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉత్సాహంగా చదివి వినిపించా. నాన్న కాసేపు మాట్లాడలేదు.

"గాలి ఎంత రాశారమ్మా?"

"గంటకి 40 నుంచి 50 కిలోమీటర్లు."

"సరే, పడుకో. మూడింటికి త్రీఫేజ్ కరెంటు ఇస్తారు, మోటారు వెయ్యాలి" అని పెట్టేశాడు.