గ్లో ప్లగ్ రిలే: మళ్ళీ 1.5 వోల్టులు

నా డీజిల్ బండిలో గ్లో ప్లగ్గులకు (స్టార్ట్ చేసేముందు ఇంజిన్‌ను లోపల వేడిచేసేవి) కరెంటు పంపే స్విచ్చు, అదే రిలే, మళ్ళీ మొదటికొచ్చింది. లోపలి కాంటాక్టులు రుద్ది డ్రాప్‌ను (రిలేలోనే పోయే వోల్టేజీని) 0.4 వోల్టులకు దించానని సంబరపడ్డానో లేదో, కొన్ని చలి ఉదయాలు గడిచేసరికి 1.5కి ఎక్కి కూర్చుంది. బండి ఎప్పటిలాగే తెల్లపొగ కక్కుతూ, ఒళ్ళంతా ఊగిపోతూ స్టార్ట్ అవుతోంది.

ప్లగ్గుల తప్పేం లేదు. ఐదూ బెరు కంపెనీ కొత్త ప్లగ్గులు. మీటర్ వైర్ల 0.2 తీసేస్తే ఒక్కోటీ 0.7 ఓమ్‌లు. అయినా ఓమ్‌లు చూసి సిస్టమ్ బాగుందనేవాళ్ళను నేను నమ్మను. మీటర్ పంపే ఆ కాస్త కరెంటుకు ప్రతి కుళ్ళిన జాయింటూ బాగానే కనిపిస్తుంది. లోడ్ మీదే, అంటే అసలు కరెంటు పారుతుండగానే కొలవాలి.

రుద్దకముందు లెక్క ఇది: గ్లో ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 11.6, ప్లగ్గుల దగ్గర 9.2. పోయిన 2.4లో 80 ఆంపియర్ల స్ట్రిప్ ఫ్యూజు తిన్నది 0.2, వైరింగ్ 0.5, మిగతా 1.7 మొత్తం రిలేనే. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది కాబట్టి ప్లగ్గులకు అందాల్సిన దాంట్లో మూడో వంతుకు పైగా గాలికి పోతోంది. క్లాంప్ మీటర్‌లో పది సెకన్ల తర్వాత 45 ఆంపియర్లు. అంటే రిలే లోపల 76 వాట్లు! మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

తెరిస్తే కాంటాక్టులు నల్లబడి గుంటలు పడి ఉన్నాయి. సన్న గరుకు కాగితంతో రుద్దాను. బహుశా ఆ రుద్దుడుతోనే మిగిలిన పైపూత కూడా పోయింది, అందుకే అంత త్వరగా మళ్ళీ కాలింది. ఇంకో అనుమానం స్ప్రింగ్ మీద. ఇన్నేళ్ళ వేడికి దాని బిగువు సడలి ఉండొచ్చు. టెర్మినల్ కాలి దగ్గర సోల్డర్‌లో సన్నటి పగులు కూడా కనిపించింది. మళ్ళీ కరిగించి అతికించినా రీడింగ్ 0.1 మాత్రమే తగ్గింది, కాబట్టి అసలు దొంగ అది కాదు.

ఫ్యూజు కొత్తది వేశాను, బాగుంది.

ఇక రిలేను బాగుచేసే పని పెట్టుకోను. 12 వోల్టుల కంటిన్యువస్ డ్యూటీ సోలనాయిడ్ (ఎక్కువసేపు ఆన్‌లో ఉండగల పెద్ద కరెంటు స్విచ్చు) ఒకటి పెట్టి, పాత రిలేతో దాన్ని ఆన్ చేసే కాయిల్‌ను మాత్రమే నడిపిస్తా. స్టార్టర్ సోలనాయిడ్ చాలంటారు కొందరు. క్షణాల పనికి చేసిన దాన్ని అరనిమిషం పట్టి ఉంచడం నాకు ఇష్టం లేదు. ఒక్కటే టెన్షన్: పాత రిలే ప్లగ్గుల కరెంటును చూసే డ్యాష్‌బోర్డు మీది లైటు వెలిగిస్తుంది. కాయిల్ లాగే కరెంటు ఒక ఆంపియరు చుట్టుపక్కలే కాబట్టి లైటు రాకపోవచ్చు. అప్పుడు సోలనాయిడ్ అవుట్‌పుట్ నుంచి వేరే బల్బు లాగాలి. ఆ పని మీద ఉండగానే వైరింగ్ తినే ఆ 0.5 సంగతి కూడా తేలుస్తా.