స్నానాల గది తలుపు, 38 మిల్లీమీటర్ల గీత

మా పెరట్లో స్నానాల గదికి వేపచెక్క తలుపు ఉంది. ఏటా ఆషాఢం రాగానే అది ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుంది. లోపలివాళ్ళు బయటికి రావాలంటే భుజంతో మోదాలి. బయటినుంచి మూయాలంటే కాలితో తన్నాలి. మూడేళ్ళు అలాగే నెట్టుకొచ్చాం. తెనాలిలో వడ్రంగులకు కరువు లేదు. ఎవరిని పిలిచినా "వస్తాం మాష్టారూ" అంటారు, రారు. ఒక్క తలుపు అంచుకు చిత్రిక పట్టడానికి పూట పని పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? వాళ్ళను తప్పుపట్టను. పోయిన ఏడాది మాత్రం మా ఆవిడ తేల్చి చెప్పింది: "చెక్క నీటిని పీల్చి అడ్డంగా ఎందుకు ఉబ్బుతుందో పిల్లలకు చెబుతారు కదా, ఇంట్లో దాని సంగతి కూడా చూడండి."

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. చేతిపని రాదు. అయినా విజయవాడ వెళ్ళి ఒక ఇనుప చిత్రిక, మూడు ఉలులు, ఒక సానరాయి కొనుక్కొచ్చాను. హైదరాబాదు వైపు రందా అంటారే, అదే ఈ చిత్రిక. రెండంగుళాల వెడల్పు బ్లేడు. కొత్త వస్తువు కాబట్టి పెట్టెలోంచి తీయగానే కోస్తుందనుకున్నాను. తలుపును దించి గోడకు ఆనించి మొదటి పట్టు పట్టాను. కుయ్యిమని జారింది. బ్లేడును ఇంకాస్త కిందికి దించాను. ఈసారి గబుక్కున దిగబడి అరచేతి పొడవున పెచ్చు లేపింది. వేపచెక్కలో నారలు ఒక వరుస ఇటు, ఇంకో వరుస అటు అల్లుకుని ఉంటాయి. మొద్దు బ్లేడు వాటిని తెంపదు, పీకుతుంది. ఆ గుంట ఇప్పటికీ మా తలుపు మీద ఉంది.

పదును పెట్టాలని అర్థమైంది. చేత్తో నూరితే కోణం నిలవదని, అందుకు గైడు అనే పనిముట్టు ఉందని తెలుసుకుని తెప్పించాను. చిన్న చక్రం మీద నిలబడే రెండు దవడలు, వాటిని బిగించడానికి ఒక మర, అంతే. బ్లేడును వాటి మధ్య బిగించి రాయి మీద ముందుకూ వెనక్కూ దొర్లిస్తే కోణం మారదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జేమ్స్ నీల్ కంపెనీ ఎక్లిప్స్ పేరుతో తయారుచేసిన నమూనాకు ఇది నకలు. ఇందులో కోణం డిగ్రీల్లో ఉండదు, పొడవులో ఉంటుంది. చిత్రిక బ్లేడు గైడు ముందుకు 38 మిల్లీమీటర్లు పొడుచుకొస్తే 30 డిగ్రీలు, 50 అయితే 25 డిగ్రీలు. ఉలి దవడల్లో కిందిగాడిలో కూర్చుంటుంది కాబట్టి దానికి 30 మిల్లీమీటర్లకు 30 డిగ్రీలు, 40కి 25. త్రికోణమితి తెలిసినవాడికి ఇంతకన్నా ముచ్చటైన పనిముట్టు ఉండదు. చెక్కపలక మీద ఆ దూరాల్లో గీతలు గీసి, గీతకొక చిన్న బద్ద మేకులతో కొట్టాను. గైడును పలక అంచుకు ఆనించి, బ్లేడు కొన బద్దకు తగిలేదాకా జరిపి బిగించడమే. ప్రతిసారీ స్కేలుతో కొలిచే బాధ లేదు. నకలు గైడుల కొలతల్లో ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది, ఉన్నా నష్టం లేదు. 30 అయిందా 31 అయిందా అన్నది బ్లేడుకు పట్టదు. రేపు మళ్ళీ నూరినప్పుడు అదే కోణం రావడం ముఖ్యం.

సానరాయి నడుమ పల్లంగా ఉంది. దాన్ని పక్కన పెట్టి, అద్దాల దుకాణంలో 10 మిల్లీమీటర్ల మందం గాజుపలక కోయించుకున్నాను. దాని మీద వాటర్ పేపర్ నీళ్ళతో అతికించాను. ఆ కాగితం మీద నల్లగా మెరిసే గింజలు సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టినీ కోక్ పొడినీ కరెంటుతో కాల్చినప్పుడు బయటపడిన పదార్థం అది. గట్టిదనంలో వజ్రానికి దగ్గర. ఉక్కు ఎంత కాఠిన్యం పట్టినా దాని ముందు ఆగదు.

బ్లేడును 38 దగ్గర బిగించి 1000 నంబరు కాగితం మీద నూటయాభై సార్లు, 2000 మీద మరో వంద సార్లు లాగాను. నంబరు పెరిగేకొద్దీ కాగితం గింజ సన్నబడుతుంది. కోసే అంచును వాదర అంటాం, దాని వెనక ఏటవాలుగా ఉండే భాగం వాలు. ఆ వాలు అద్దంలా మెరిసింది. అందులో నా కళ్ళజోడు కనిపించింది. చాలా సంతోషించాను. చిత్రికలో పెట్టి పట్టాను. కుయ్యిమంది.

ఆ వారమంతా గైడునే అనుమానించాను. చక్రం వంకరేమో, గాజు సమంగా లేదేమో అని. ఆదివారం మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రి గారు వేరే పని మీద వచ్చి, వరండాలో నా సరంజామా చూసి ఆగారు. డెబ్భై దాటిన మనిషి. ఇప్పుడు పనులు ఒప్పుకోవడం లేదు.

"ఇదేమిటి మాష్టారూ, బ్లేడుకు చక్రాలు కట్టి తోలుతున్నారు?"

"కోణం తప్పకుండా ఉంటుందని, మేస్త్రి గారూ."

బ్లేడు తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. వాదర మీద బొటనవేలి గోరు ఆనించి చూశారు. జారింది. "మెరుపు వచ్చింది గానీ మీ రాపిడి వాదర దాకా రాలేదు. ఈ వాలు పొట్టిగా ఉంది. రేకు మందానికి రెండింతలు ఉండాలి వాలు." తర్వాత బ్లేడును బోర్లా తిప్పి వీపు చూపించారు. "దీన్ని అసలు ముట్టుకోలేదు కదా మీరు? రెండు వైపులా నున్నగా వచ్చి కలిస్తేనే పదును. ఒక వైపు దువ్వి, ఇంకో వైపు గీతలు వదిలేస్తే ఎలా?"

ఆయన వెళ్ళాక కొలిచాను. రేకు మందం 2 మిల్లీమీటర్లు, వాలు పొడవు మూడున్నర. మందాన్ని వాలు పొడవుతో భాగిస్తే వచ్చేది కోణం సైన్ విలువే కదా. లెక్క చేస్తే 35 డిగ్రీలు! కార్ఖానాలోనే వాలును నిటారుగా కొట్టేశారు. నేను 30 డిగ్రీల దగ్గర బిగించి నూరితే కాగితానికి తగిలింది వాలు మడమ, అంటే వాదరకు దూరంగా ఉన్న వెనక అంచు మాత్రమే. రెండు వందల యాభై సార్లు మడమకు మెరుగు పెట్టానన్నమాట. మందానికి రెండింతల వాలు అంటే సైన్ విలువ అర, అంటే 30 డిగ్రీలు. ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్న సమాధానాన్ని ఆయన లెక్కతో పని లేకుండా వేలితో చెప్పి వెళ్ళారు. ఆ రాత్రి కొంత సిగ్గు, చాలా ఉత్సాహం.

మర్నాటి నుంచి మార్కర్ పెన్ను పక్కన పెట్టుకున్నాను. వాలంతా నల్లగా పూసి రెండు సార్లు లాగితే, నలుపు ఎక్కడ చెరిగిందో అక్కడే రాపిడి తగులుతున్నట్టు. ఈ చిన్న పని మొదటి రోజే చేసి ఉంటే వారం మిగిలేది. ముందు వాలంతా 25 డిగ్రీలకు దించాలని, బ్లేడును 50 గీత దగ్గర బిగించి 220 నంబరు కాగితం మీద మొదలుపెట్టాను. ముందుకు తోస్తే కాగితం చిరుగుతోంది కాబట్టి వెనక్కి లాగడం మాత్రమే. అయిదు కాగితాలు, రెండు సాయంత్రాలు పట్టింది. వేళ్ళు చురుక్కుమన్నాయి, గోళ్ళలో నల్లబురద చేరింది. చక్రం ఇరుసులో ఆ బురదే దూరి తిరగడం మానేసింది. అలా ఈడ్చుకుంటూ లాగితే చక్రం ఒక పక్క అరిగి చదునైపోతుంది. ప్రతి కాగితానికీ ఒకసారి కడిగి కుట్టుమిషను నూనె చుక్క వేయడం అప్పుడు నేర్చుకున్నాను.

నలుపు చివరికంటా చెరిగిన తర్వాత కూడా ఆపకూడదు. వీపు వైపునుంచి వాదర దాటేలా వేలు అడ్డంగా జరిపితే సన్నటి గరుకు తగలాలి, అదీ ఈ చివరనుంచి ఆ చివరదాకా. రెండు వైపుల లోహం కలిసిపోయి, మిగిలిన తుక్కు అటు వంగిందనడానికి అదొక్కటే గుర్తు. నాకు ఎడమ మూలలో తగలలేదు. ఇంకో కాగితం అరగదీశాక తగిలింది. మొదటిసారి ఆ గరుకు తగిలినప్పుడు మా ఆవిడను పిలిచి ఆమె వేలిని కూడా జరిపించాను. "కోసుకుంటుందేమో చూడండి" అని ఆమె భయపడింది, నేను పొంగిపోయాను.

వీపు పని వేరు. అక్కడ గైడు అక్కరకు రాదు. బ్లేడు కొన రెండు మూడు సెంటీమీటర్ల మేర గాజు మీద పడుకోబెట్టి, వేళ్ళతో అదిమి, 220, 400, 1000, 2000 వరుసలో రుద్దడమే. కార్ఖానా గీతలు పోవడానికి ఒక సాయంత్రం పట్టింది. బ్లేడు జీవితంలో ఈ పని ఒక్కసారే చేయాలి. తర్వాత నూరినప్పుడల్లా గరుకు తీయడానికి సన్న కాగితం మీద నాలుగు రుద్దులు చాలు. ఈ మాట ఎవరైనా ముందే చెబితే అంత విసుక్కునేవాడిని కాదు.

చివరగా బ్లేడును 38 గీతకు జరిపి, 1000 మీద పదిహేను, 2000 మీద పది లాగుళ్ళు. 25 డిగ్రీల వాలు కొసన ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా లేని మెరుపు గీత పడింది. ఇదే కోసే చోటు. ఇంత వాలునూ అద్దం చేయనక్కర్లేదు, ఈ సన్నగీత చాలు. పదును తగ్గినప్పుడు కూడా దీన్నే నూరాలి, అయిదు నిమిషాల పని. ఒక్కో మూలను వేలితో నొక్కి రెండేసి లాగుళ్ళు ఎక్కువ లాగితే మూలలు వెంట్రుకవాసి లోపలికి వెళ్తాయి, చెక్క మీద మెట్లలా గీతలు పడవు. పాత తోలుబెల్టు మీద ఆకుపచ్చ పాలిషు సబ్బు రుద్ది, బ్లేడును వెనక్కి మాత్రమే లాగి ముగించాను.

విద్యార్థులతో కొండపల్లి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న తెల్ల పొణికి ముక్క ఒకటి ఇంట్లో ఉంది. బొమ్మలకు వాడే ఆ చెక్క దూదిలా మెత్తన. మెత్తని చెక్కను కోయడం తేలికనుకుంటారు గానీ, మొద్దు వాదర కింద దాని నారలు నలిగి చిట్లిపోతాయి. దాని అడ్డకోత మీద బ్లేడును చేత్తో పట్టుకుని తోశాను. నున్నగా మెరిసే కోత వచ్చింది. ముంజేతి మీద వెంట్రుకలు కూడా గొరిగి చూశాను. ఆ వారం పొట్టిచేతుల చొక్కాతో కాలేజీకి వెళ్తే పిల్లలు వింతగా చూశారు.

ఉలుల దగ్గర తెలివి ఎక్కువైంది. అన్ని కాగితాలు మళ్ళీ ఎవరు అరగదీస్తారని, 20 మిల్లీమీటర్ల ఉలిని ఒక లేత్ షాపులో కరెంటు సానచక్రం మీద పట్టించాను. కళ్ళ ముందే వాదర మూల నీలంగా మారింది. ఉక్కు నీలం తేలిందంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ తాకిందని అర్థం, అక్కడ కాఠిన్యం దిగిపోతుంది. పాఠం చెప్పేవాడిని, చూస్తూ నిలబడ్డాను. నీలంగా మారిన రెండు మిల్లీమీటర్లనూ కాగితం మీద అరగదీయక తప్పలేదు.

ఆ అరగదీతలో ఇంకో తిప్పలు. గైడు దవడల మీద దట్టంగా రంగు ఉంది, కిందిగాడి గరుకుగా ఉంది. ఉలి పక్క అంచులు ఏటవాలుగా ఉండడంతో ఎంత బిగించినా మెల్లగా పక్కకు తిరిగిపోతోంది. వాదర ఉలికి అడ్డంగా ఉండాల్సింది ఏటవాలైంది. సన్న ఆకురాయితో గాడిలో రంగు గీకి, రెండు వైపులా సమం చేశాక నిలబడింది. 6 మిల్లీమీటర్ల ఉలి మాత్రం ఇప్పటికీ గైడులో ఊగుతుంది. మేస్త్రి గారికి చూపిస్తే, చిత్రిక బ్లేడుకైతే మీ బండి బాగానే ఉంది, ఇలాంటి చిన్న ఉలికి మాత్రం చెయ్యే మేలన్నారు. నా సానరాయి మీద నీళ్ళు చల్లి ఇరవై రుద్దులు రుద్ది ఇచ్చారు. ఆయన నూరిన వాలు కాస్త గుండ్రంగా ఉంది, నా కొలతల ప్రకారం తప్పు. నేను నూరిన వాటికన్నా బాగా కోసింది. వెళ్తూ వెళ్తూ గైడును రెండు రోజులు అడిగి పట్టుకెళ్ళారు. తన రెండంగుళాల బ్లేడుకు వాడి చూశారట. ఏమనిపించిందో చెప్పలేదు గానీ, ఇచ్చేటప్పుడు చక్రానికి నూనె వేసి ఇచ్చారు.

తలుపు పని గంటన్నరలో అయిపోయింది. చిత్రిక ఈసారి కుయ్యిమనలేదు, పట్టు చీర కుచ్చిళ్ళు సర్దినట్టు గరగరమంది. అంచు పొడవునా తెగని చెక్కపొరలు చుట్టలు చుట్టుకుని కాళ్ళ దగ్గర పడ్డాయి. నారలు ఎదురు తిరిగిన చోట బ్లేడును కాస్త పైకి తీసుకుని, చిత్రికను ఏటవాలుగా పట్టాను. పైన మడతబందు కింద గాడిని ఉలితో ఒక మిల్లీమీటరు లోతు చేశాను. తలుపు బిగించి వేలితో తోస్తే మూసుకుంది. మా ఆవిడ నాలుగుసార్లు తీసి వేసి చూసింది, ఏమీ అనలేదు. మా ఇంట్లో అది మెచ్చుకోలే.

ఏప్రిల్ వచ్చేసరికి చెక్క ఎండి తలుపు ముడుచుకుంది. వానాకాలానికి సరిపోయేలా తీసినది ఎండాకాలానికి వదులైంది. గాలి వీస్తే రాత్రంతా టపటపమని కొట్టుకునేది. ద్వారబంధానికి పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి మేకుతో కొట్టాను. ట్యూబు కోయడానికి మా అబ్బాయి ఉలి అందుకోబోతే వద్దని చెప్పి కత్తెర ఇచ్చాను.