నొక్కితే నిలిచే తోలు కోసం

వయసులో ఉండగా ఇష్టపడి నేర్చుకుని, ఉద్యోగంలోనూ సంసారంలోనూ పడి వదిలేసిన తోలు నగిషీ పనిని, అంటే తడిపిన తోలు మీద బొమ్మలు కోసి, నొక్కి దిద్దే పనిని, పదవీ విరమణ తరువాత అనంతపురంలోని మా ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టాను. పనిముట్లకు ఇబ్బంది కలగలేదు. పాత పెట్టెలోని స్వివెల్ కత్తికి, అంటే తోలు మీద గీతలు కోసే కత్తికి, సాన పట్టించాను, కొడతిని వీధి చివరి వడ్రంగి చేసిచ్చాడు, అడుగున వేసుకోవడానికి నున్నటి కడప బండ ముక్క దొరికింది. నన్ను ఏడిపించింది తోలు.

నగిషీకి చెట్ల బెరడుతోనో కాయలతోనో పదును చేసిన తోలే కావాలి. మన దక్షిణాదిలో తంగేడు చెక్కనూ (బెరడునూ) కరక్కాయనూ అందుకు ఎంతోకాలంగా వాడుతున్నారు. ఆ తోలు నీరు పీల్చుకుని మెత్తబడుతుంది, నొక్కిన గుర్తును నిలుపుకుంటుంది, ఆరాక గట్టిపడుతుంది. ఈనాడు బూట్లకూ సంచులకూ వాడే తోలు చాలావరకు క్రోమియం లవణాలతో తయారవుతుంది. మన్నికైనదే గానీ, ఎంత నొక్కినా తిరిగి పైకి లేస్తుంది. ఈ తేడా తెలుసు కనుకనే వేరే ఊరి వర్తకుడికి ఫోన్ చేసి, తంగేడు చెక్క తోలే కావాలనీ, మందం మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ విడమరచి చెప్పి, అతను అడిగినట్టే డబ్బంతా ముందుగా పంపాను.

వచ్చిన తోలు పైకి గోధుమ రంగులో ముచ్చటగానే ఉంది. స్పాంజితో తడిపి, రాత్రంతా ప్లాస్టిక్ సంచిలో ఉంచి, పొద్దున దాని మీద తామర రేకులు దిద్దితే మధ్యాహ్నానికి ఆనవాలు కూడా మిగల్లేదు. కోసిన అంచును వెలుతురులో చూస్తే, పై రంగు కింద నీలంగా, బూడిదగా ఒక చార కనబడింది. ఫోన్ చేసి అడిగితే, “తోలు మంచిదేనమ్మా, ఈ వయసులో మీ చేతుల్లో బలం ఎక్కడిది? అయినా తోలు పనులు మీలాంటి వాళ్ళకెందుకు?” అన్నాడు. బలం సంగతి కన్నా ఆ రెండో మాటే నన్ను ఎక్కువ నొప్పించింది. తోలు అమ్ముకుని అన్నం తింటూ తోలు పనిని తక్కువ చేసి మాట్లాడే మనిషితో ఎవరూ వ్యాపారం చేయకూడదు. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నిమ్మలకుంటలో మేకతోలుతో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పనీ నా పనీ వేరైనా, తోలు పట్టిన చేతికి ఉండవలసిన మర్యాద ఒక్కటే.

టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఆ ముక్క చూపించాను. ఆయన అంచు తడిపి, బొటనవేలి గోరుతో గీసి, కాసేపు చూసి, “ఇది కెమికల్ తోలమ్మా, గీత నిలవదు. మరిగే నీళ్ళలో వేసి చూడండి, చెక్కతో చేసిందయితే ముడుచుకుపోతుంది” అన్నారు. ఇంటికి వచ్చి ఈ తోలు ముక్కనూ, నా పాత పెట్టెలోని తోలు ముక్కనూ ఒకే గిన్నెలో వేశాను. పాతది క్షణాల్లో మెలి తిరిగి చిన్నదైపోయింది. వర్తకుడు పంపింది వేసినట్టే ఉంది. ఆ వీడియో పంపితే అతను జవాబూ ఇవ్వలేదు, డబ్బూ ఇవ్వలేదు.

తరువాత పెద్దాయన చెప్పిన మనిషి ద్వారా తమిళనాడులోని ఆంబూరు నుంచి ముందు అరచేతి వెడల్పు ముక్క తెప్పించి, ఉడకబెట్టి చూశాకే డబ్బు చెల్లించాను. మీరూ అలాగే చేయండి. నమూనా పంపనన్న వాడి దగ్గర కొనకండి. తడిపిన తోలు రంగు దాదాపు మామూలుకు వచ్చి, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగిలినప్పుడు పని మొదలుపెట్టాలి. మా ఊరి ఎండకు అది తొందరగా ఆరిపోతుంది కనుక, చెక్కని భాగం మీద ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచుతాను. ఈసారి తామర రేకుల అంచులు బెవెలర్ (గీత పక్కన తోలును అణచే పనిముట్టు) దెబ్బకు లోతుగా దిగి, ఆరిన తరువాత కూడా చెక్కుచెదరలేదు. నా చేతుల్లో బలానికి ఏ లోటూ లేదు. నూనె పట్టించడం, అంచులు నునుపు చేయడం ఒక్క పూటలో అయిపోయాయి. ఇక రంగులు అద్దాలి.