ముప్పై అయిదు పౌండ్ల అడ్డుగోడ

కాంపౌండ్ విల్లు వద్దంది మా అమ్మాయి. షాపులో నేనే తీసి చేతికిస్తే, ఆ చక్రాల వంకా కేబుళ్ల వంకా కాసేపు చూసి, "ఇది మెషీన్ నాన్నా. మన పూజగదిలో రాముడి పటం చూడు, విల్లుకి చక్రాలున్నాయా?" అని తిరిగిచ్చేసింది. కౌంటర్ దగ్గరున్నాయనకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. ఇన్నేళ్లూ ఆదివారం నిద్ర మానుకుని తెలుగు బడికీ శ్లోకాల క్లాసుకీ తిప్పినందుకు, ఆ చదువంతా నా మీదికే బాణంలా వస్తుందనుకోలేదు.

మొదట్లో మురిసిపోయింది నేనే. స్కూల్లో పీఈ క్లాసులో విల్లు పట్టించారు. కెంటకీలో 2002లో మొదలై దేశమంతా పాకిన బడి ఆర్చరీ కార్యక్రమం ఒకటుంది. పిల్లలందరికీ ఒకే రకం విల్లు, నారి లాగడానికి పది నుంచి ఇరవై పౌండ్ల బలం చాలు. పిల్ల పసుపు రంగు మధ్యలో కొట్టిందని తెలియగానే బెజవాడకి ఫోన్ చేశాను. "మనూరి జ్యోతి సురేఖ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది చూశావా, ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు చూశావా, మన నీళ్లలోనే ఉంది ఆ గుణం" అని మా తమ్ముడి చెవి తినేశాను. కాలేజీ అప్లికేషన్లో కూడా బాగుంటుందని లోపల ఒక లెక్క వేసుకున్నాను. ఎందుకు దాచాలి?

ఆ లెక్కని పాడుచేసింది పక్కింటి పెద్దాయన. ఆయన లాంగ్‌బో, అంటే పాతకాలం పొడవాటి చెక్క విల్లు వేస్తాడు, అదీ స్వయంగా చెక్కుకున్నది. మా పిల్ల సాయంత్రాలు ఆయన పెరట్లో గడ్డిమోపు మీద బాణాలు వేయడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో ఒక రోజు తెల్లారగట్ల ఆయన వెనకాల అడవి అంచుకి వెళ్లి మగ టర్కీ కోడి అరుపు విని వచ్చింది. ఇక అదే ధ్యాస. "నేను టర్కీ వేటకెళ్తాను. తుపాకీతో కాదు. విల్లుతో. చక్రాల్లేని విల్లుతో."

నేను వెంటనే అన్నమాట, "మన దేశంలో వేట నేరం తెలుసా? 1972లోనే చట్టం చేశారు" అని. అక్కడి చట్టం పెన్సిల్వేనియాలో ఎలా పనిచేస్తుందో నాకే తెలియదు. తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. మా తాతయ్య కౌజు పిట్టలు పట్టుకొచ్చి వేపుడు చేయించిన కథ నేను ఈ పిల్లకే పదిసార్లు చెప్పాను, ఘనకార్యంలాగా. తాతయ్య చేస్తే కథ, మునిమనవరాలు చేస్తే హింస. శనివారం నీచు ముట్టను, ఆదివారం నాటుకోడి కోసం గంట డ్రైవ్ చేస్తాను. ఈ సంగతులన్నీ ఆమెకి నాకన్నా బాగా తెలుసు.

సరే, కాదనలేక కొనడానికి వెళ్లాం కాబట్టి, ఇలాంటి పిల్లలున్న వాళ్ల కోసం నేర్చుకున్నది చెప్తాను. ముందు కన్ను చూడాలి, చెయ్యి కాదు. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, దూరాన గోడ మీద గడియారాన్ని ఆ సందులోంచి చూడమన్నాడు షాపాయన. చూస్తూ చేతులు మెల్లగా ముఖం దగ్గరికి లాక్కోమన్నాడు. మా పిల్ల చేతులు ఎడమకంటి మీదికి వచ్చి ఆగాయి. కుడిచేత్తో రాసే పిల్ల. అంటే ఎడమ చేతివాటం విల్లే మంచిదని ఆయన మాట. ఇదేదో తెలుసుకోకుండా ఆన్‌లైన్లో కొనబోయాను.

రెండోది, ఊడదీసి బిగించుకునే రికర్వ్ తీసుకోవడం. రికర్వ్ అంటే కొనలు ముందుకి వంపు తిరిగిన, చక్రాల్లేని విల్లు. మధ్యలో పట్టుకునే చెక్క భాగాన్ని రైజర్ అంటారు, పైనా కిందా రెక్కల్లాంటి లింబ్స్ బోల్టులతో బిగుస్తాయి. పిల్లకి బలం వచ్చేకొద్దీ లింబ్స్ మార్చుకుంటే చాలు, రైజర్ అదే ఉంటుంది. పొడవు విషయంలో కాస్త గొడవ ఉంది. వేటలో పక్షికి కనపడకుండా చిన్న డేరాలో ముక్కాలిపీట మీద కూర్చుని వేయాలి కాబట్టి పొట్టి విల్లు సుఖం, పైకొన డేరా కప్పుకి తగలదు. కానీ మరీ పొట్టిదైతే లాగినప్పుడు నారి కోణంగా ముడుచుకుని వేళ్లని నొక్కేస్తుంది, గురి తప్పుతుంది. అరవై అంగుళాల చుట్టుపక్కల ఆగాం. విల్లు కొంచెం పక్కకి వాల్చి పట్టుకోవడం నేర్చుకుంటే ఆ ఇబ్బంది పోతుందట.

బాణాల దగ్గర నాకో తమాషా తెలిసింది. బాణానికి ఆసరాగా బిగించే పరికరాలేవీ లేకుండా బాణాన్ని రైజర్ మీదే ఆనించి వదిలే విల్లుకి ప్లాస్టిక్ రెక్కలు పనికిరావు, చెక్కకి తగిలి బాణం ఎగిరి పక్కకి పోతుంది. ఈకలైతే అణిగి దాటేస్తాయి. ఆ ఈకలు మామూలుగా టర్కీ రెక్క ఈకలే. ములికి మాత్రం తేలిక విల్లుకి రెండంచుల స్థిరమైనది కావాలి, తగలగానే కోసుకుపోవాలి. లోపల ముడుచుకుని తగిలాక విచ్చుకునే రకాలు ఉన్న కాస్త శక్తినీ తినేస్తాయి. దానికన్నా కష్టం, ఈ పక్షికి ఈకలన్నీ కలిపి పెద్ద బస్తాలా కనిపించినా, ప్రాణం ఉండేచోటు బత్తాయికాయంతే. అందుకే సంప్రదాయ విల్లుతో పది, పదిహేను గజాలు దాటి వేయనే వేయకూడదు అంటాడు పక్కింటాయన. టర్కీకి వాసన అంతగా తెలియదు గానీ కన్ను మహా చురుకు. రెప్పవేసినంత కదిలినా పోతుంది. కాంపౌండ్ అయితే పూర్తిగా లాగాక చక్రాల వల్ల చేతి మీద బరువు తగ్గుతుంది, అలాగే పట్టుకుని కూర్చోవచ్చు. రికర్వ్‌లో ఆ వెసులుబాటు లేదు. మగపక్షి పురివిప్పి తిరుగుతూ తోక ఇటు పెట్టినప్పుడు, ఆ తోక దాని కళ్లకి అడ్డమైన క్షణంలో లాగి వదలాలి.

ఇక అసలు సంగతి. మా రాష్ట్రంలో వేట విల్లు కనీసం 35 పౌండ్లు లాగాలి. విల్లు మీద రాసుండే అంకె ఇరవై ఎనిమిది అంగుళాలు లాగితే వచ్చేది. పద్నాలుగేళ్ల పిల్ల చేతులకి ఇరవై అయిదే వస్తుంది. ఒక్కో అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు పోతాయి. షాపాయన కొక్కెం ఉన్న చిన్న తూకం నారికి తగిలించి, ఆమె లాగే చోటుదాకా లాగి చూపించాడు: 30 అని రాసున్న లింబ్స్ మీద 24. నిజంగా 35 రావాలంటే 45 అని రాసున్నవి కావాలి. పిల్ల ముఖం వాడిపోయింది. నా లోపల చల్లగా నీళ్లు పోసినట్టయింది.

అప్పటినుంచి నేను ఈ 35 వెనక దాక్కున్నాను. "ఫామ్ కుదరకుండా బరువు పెంచితే భుజం పాడవుతుందమ్మలూ, గురి చెడిపోతుంది" అని చెప్తాను. ఇది నూటికి నూరుపాళ్లు నిజం, ఏ కోచ్‌ని అడిగినా ఇదే అంటాడు. కానీ నేను అనేది అందుకు కాదు. ఆమె దండీలు తీస్తుంటే, పెరుగుదోసెలు ఒకటికి రెండు అడిగి తింటుంటే, ఇంకో ఏడాది ఆగితే ఈ పిచ్చి తగ్గుతుందేమో అని చూస్తున్నాను. పిల్ల ఎదగాలని మొక్కుకునే వాడిని, ఎదగకుండా ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. కాంపౌండ్ కొంటే ఈ వసంతంలోనే వెళ్లగలదని తెలుసు కూడా. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెట్టారని ఊరించాను కూడా. దానికీ లొంగలేదు. అడ్డం వేయాలనుకున్నది నేను, నాకు కలిసొచ్చింది ఆమె మొండితనం. అది ఎవరి పోలికో ఇంట్లో అడగక్కర్లేదు.

భయం లేదని కాదు. ఒక రాత్రి ఊరుకోలేక దశరథుడి కథ చెప్పాను. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని శబ్దభేది వేయడం, అది శ్రవణకుమారుడికి తగలడం. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. అంతా విని, వేట శిక్షణ కోర్సు పేజీలు తెరిచి ముందు పెట్టింది. వసంతకాలంలో టర్కీని అరుపుతో పిలిచి రప్పించుకోవాలే గానీ, చప్పుడు విని దాని మీదికి పాక్కుంటూ పోవడం మా రాష్ట్రంలో చట్టవిరుద్ధం. ఆ అరుపు ఇంకో వేటగాడు నోటితో చేస్తున్నదీ కావచ్చు. పూర్తిగా కళ్లతో చూసి, రొమ్ము మీద గడ్డంలా వేలాడే ఈకల కుచ్చు కనిపించాకే వేయాలి. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకూడదు, మగటర్కీ తలకాయ రంగులు అవే కాబట్టి. "జూలై నాలుగు జెండా రంగుల టీషర్టు నువ్వు వేసుకురావద్దు నాన్నా" అంది. వయసు చిన్నది కాబట్టి పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి, ఆ పెద్దవాళ్లలో నన్నూ లెక్కేసుకుందన్నమాట. తెల్లారకముందు డేరాలో రెండు గంటలు దగ్గకుండా, ఫోన్ చూడకుండా కూర్చోగలనా అన్నది వేరే సంగతి.

ఆ కోర్సులోనే ఇంకోటి చదివి వినిపించింది. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులూ తూటాల మీద వేసే పన్ను అడవుల, జంతువుల సంరక్షణకి పోతుందట. 1970లలో విల్లంబులనీ అందులో చేర్చారట. ఒకప్పుడు దాదాపు కనపడకుండా పోయిన టర్కీలు మళ్లీ మన పెరళ్ల దాకా వచ్చాయంటే ఆ డబ్బు పాత్ర ఉందట. నేను నవంబర్లో అల్లం వెల్లుల్లి పట్టించి ఓవెన్లో పెట్టే టర్కీ ఎగరలేదు కూడా. దాని రొమ్ము అంత బరువు పెంచారు. దాని గురించి నేనెప్పుడూ ఎవరికీ నీతి చెప్పలేదు. అయినా ఈ వాదన విన్నాక నా మనసు మారిందా అంటే, లేదు. వాదనలో ఓడిపోవడం వేరు, కూతురు ఒక ప్రాణం తీసి రక్తంతో ఇంటికి రావడాన్ని చూడటం వేరు. ఇంతకీ నన్ను ఆపేది ఆ ప్రాణమా, ఆ పిల్ల ఇక్కడి పిల్ల అయిపోతోందన్న దిగులా? అదీ తేలడం లేదు. రాముణ్ణి చూపించి అడిగింది కదా మరి.

వాళ్లమ్మ మాత్రం తేల్చేసింది. "తెస్తే తెస్తుంది. ఈకలు పెరట్లోనే పీకాలి, కాళ్లు గట్టిగా ఉంటాయంటున్నారు కాబట్టి కుక్కర్లో పులుసు, రొమ్ము వేపుడు" అంది. మా అమ్మ వీడియో కాల్లో "ఆడపిల్లకి విల్లెందుకురా" అంటుందని ఎదురుచూశాను. "ఎంత దూరం కొడుతుందిరా?" అని అడిగింది. నా వైపు ఎవరూ మిగల్లేదు.

పుట్టినరోజుకి తర్వాతి జత లింబ్స్ అడిగింది, 35 అని రాసున్నవి. అవి పెడితే తూకం మీద 28, 29 వస్తుంది, చట్టానికి ఇంకా దూరమే. అయినా కార్టులో పెట్టి వదిలేశాను. "ఆర్డర్ పెట్టారా?" అని మా ఆవిడ అడిగింది. సైజు చూస్తున్నానన్నాను. అదే రైజర్‌కి అదే బోల్టులతో సరిపోతాయని, చూడాల్సిన సైజేమీ లేదని ఆవిడకీ తెలుసు.