పైథాన్‌నే అడిగితే పోలా

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఏ చిన్న సందేహం వచ్చినా బ్రౌజర్ తెరుస్తారు, లేదంటే చాట్‌బాట్‌ని అడుగుతారు. నేనూ అడుగుతాను, తప్పేమీ లేదు. కానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక టైపు, అంటే ఒక డేటా రకం, ఏమేం చేయగలదో చూడాలంటే మాత్రం టెర్మినల్‌లో పైథాన్ తెరిచి, హెల్ప్ అని కొట్టి, బ్రాకెట్లలో ఆ టైపు పేరు ఇస్తాను. బయట వెతికితే అడిగినదానికే జవాబు. ఇక్కడైతే అడగాలని తోచనివి కూడా కంటబడతాయి.

ట్రూ (నిజం), ఫాల్స్ (అబద్ధం) అనే రెండే విలువలున్న బూల్ టైపు సంగతే చూడండి. హెల్ప్ పేజీ పైనే బూల్ పక్కన బ్రాకెట్లలో ఇంట్ అని, అంటే పూర్ణసంఖ్యల టైపు పేరు, ఉంటుంది. కింద వంశవృక్షం: బూల్, ఇంట్, ఆబ్జెక్ట్. అంటే ట్రూ కూడా పూర్ణసంఖ్యే. ట్రూకి ట్రూ కలిపితే 2 వస్తుంది. జాబితాలో షరతుకి సరిపోయేవి ఎన్నో లెక్కపెట్టడానికి అన్నిటినీ కూడే సమ్ ఒక్కటి చాలేది అందుకే. 2003లో 2.3 వెర్షన్‌తో బూల్ వచ్చేదాకా జనం 1, 0లతోనే నెట్టుకొచ్చారు. ఆ పాత కోడ్ పాడవకూడదని దీన్ని ఇంట్ కింద చేర్చారు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం స్ట్రింగ్ పేజీ, అంటే మాటల్లాంటి అక్షరాల వరసలకు వాడే టైపుది. సరదాగా గళ్లనుడికట్టు తయారుచేస్తుంటాను. దానికోసం తెలుగు మాటల జాబితా శుభ్రం చేయాలి. హెల్ప్‌లో స్ట్రింగ్ టైపు పేరైన ఎస్‌టీఆర్ ఇస్తే మొదట రెండేసి అండర్‌స్కోర్ల పేర్లు వరసకడతాయి. వాటిని చూసి బెదిరిపోకుండా స్పేస్‌బార్ నొక్కుతూ పోతే అసలు సరుకు వస్తుంది. ఈజ్‌ఆల్ఫా అక్కడే దొరికింది: అన్నీ అక్షరాలే అయితే ట్రూ ఇస్తుందట. 'కల' ఇచ్చాను, ట్రూ. 'కాల' ఇచ్చాను, ఫాల్స్! 'తెలుగు' కూడా ఫాల్సే. గుణింతపు గుర్తుల్ని, అన్ని భాషల లిపులకూ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్, అక్షరాల కింద కాకుండా 'మార్క్' అనే వేరే వర్గంలో పెట్టింది. అక్షరం అంటే ఏమిటో మాత్రం హెల్ప్ చెప్పదు. 'అన్నీ అక్షరాలైతే అది అక్షరాల స్ట్రింగ్' అని ఊరుకుంటుంది. ఆ విషయంలో నాకు దానిమీద కోపమే.

విచిత్రం ఏమిటంటే, అదే పేజీలో ఇంకాస్త కిందికి ఈజ్‌ఐడెంటిఫయర్ ఉంది. దానికి 'తెలుగు' ఇస్తే ట్రూ. అంటే కోడ్‌లో ఒక విలువకి పెట్టుకునే వేరియబుల్ పేరుగా పనికొస్తుంది, అక్షరాల మాటగా పనికిరాదు!

పొడవు చెప్పే లెన్ గోల ఇంకోటి. 'తెలుగు'కి 6, 'స్త్రీ'కీ 6. నా గళ్లలో మొదటిది మూడు గళ్లు, రెండోది ఒక్క గడి. లెన్ కోడ్ పాయింట్లను, అంటే యూనికోడ్ నంబరున్న ఒక్కో గుర్తును, లెక్కపెడుతుంది, పొల్లు గుర్తుతో సహా. యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి దాని హెల్ప్ కూడా చదివాక దారి దొరికింది: అందులో ఒక్కో గుర్తు ఏ వర్గమో చెప్పే కేటగిరీ అనే ఫంక్షన్ ఉంది. అక్షరం వర్గానికి చెందినవాటిలో ముందు పొల్లు లేనివాటిని లెక్కపెడితే సరి, 'స్త్రీ' ఒక్కటే అవుతుంది. మాట చివర పొల్లు ఉంటే, 'పెన్' లాంటివి, రెండు గళ్లు కావాలి. అదీ సరిగ్గానే వస్తోంది.

మొన్న మా టీమ్ కుర్రాడు టెన్షన్‌గా వచ్చాడు. "అక్కా, సార్ట్ చేస్తే నా లిస్ట్ మాయమైపోయింది."

"లిస్ట్ డాట్ సార్ట్‌కి హెల్ప్ కొట్టావా?"

కొట్టాడు. మొదటి వాక్యంలోనే ఉంది, ఇది నన్, అంటే 'ఏమీ లేదు', తిరిగి ఇస్తుందని. వచ్చినదాన్ని అదే పేరులో దాచుకుంటే ఇంకేం మిగులుతుంది! "వరసపెట్టిన కొత్త లిస్ట్ ఇచ్చే సార్టెడ్ వాడాలన్నమాట" అని తనే తేల్చుకుని వెళ్లాడు.

ఒక్క తిరకాసు ఉంది. హెల్ప్‌కి ఖాళీ లిస్ట్ ఇస్తే లిస్ట్ టైపు గురించి చెబుతుంది గానీ, కోట్స్‌లో ఏదో స్ట్రింగ్ ఇస్తే దాన్ని ఒక అంశం పేరనుకుని వెతుకుతుంది, దొరక్కపోతే డాక్యుమెంటేషన్ లేదంటుంది. స్ట్రింగ్‌ల గురించి కావాలంటే టైపు పేరే ఇవ్వాలి. 3.13 వెర్షన్ నుంచి హెల్ప్ అని బ్రాకెట్లు లేకుండా కొట్టినా చాలు, ఎఫ్1 నొక్కినా తెరుచుకుంటుంది. బయటికి రావడానికి క్యూ.