చలినీటి పగడపు పిల్లలతో ఎనిమిది వారాలు

లోఫీలియా పెర్టూసా అనే చలినీటి పగడం గుడ్లు వదిలే రోజు కోసం ఆ ఏడు జనవరి మొదటి వారం నుంచే తొట్టి దగ్గర కాపలా మొదలుపెట్టాను. సాధారణంగా వందల మీటర్ల లోతులో పెరిగే ఈ పగడం, నార్వేలోని ట్రాండ్‌హైమ్ ఫియర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) టౌట్రా దీవి దగ్గర దాదాపు 40 మీటర్ల లోతులోనే కనిపిస్తుంది. మా కొమ్మలు ఆ ఫియర్డ్ నుంచి వచ్చినవే. జనవరికీ మార్చికీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు అవి గుడ్లు వదలాలి. ఈ జాతిలో ఒక్కో సమూహం పూర్తిగా ఆడదో, పూర్తిగా మగదో అయి ఉంటుంది గానీ పైకి ఏ తేడా తెలియదు కాబట్టి, వేర్వేరు సమూహాల కొమ్మలను ఒకే తొట్టిలో, చీకట్లో, 7–8 డిగ్రీల పారే నీటిలో ఉంచాము.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఒక పాలిప్ (సమూహంలోని ఒక్కో చిన్న పగడపు జీవి) నోటి నుంచి సన్నని పొగలాంటిది వచ్చింది. అది వీర్యం, అంటే ఆ సమూహం మగది. వెచ్చని సముద్రాల పగడాలతో పనిచేసిన అలవాటు కొద్దీ, గుడ్లు పైకి తేలతాయని బీకరు పట్టుకుని నీటి ఉపరితలాన్నే చూస్తూ నిలబడ్డాను. ఈ పగడపు గుడ్లు నీటిలో వేలాడుతూ ఉంటాయి, లేదా మెల్లగా కిందికి దిగుతాయి. నాకు అది తట్టేసరికి గుడ్లు చాలావరకు బయటికి పోయే గొట్టంలో కొట్టుకుపోయాయి. తప్పు పూర్తిగా నాదే. గొట్టానికి సన్నని జల్లెడ గుడ్డ కట్టాక, రెండోసారి వదిలినప్పుడు మాత్రం కొన్ని వందలు చేతికి చిక్కాయి. ఒక్కొక్కటి సుమారు 160 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఉప్పు రేణువులో దాదాపు సగం.

ఆ తర్వాత నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వీటి నిదానమే. పిండంలో కణాలు చీలే ఒక విదళనానికీ మరో విదళనానికీ మధ్య 6 నుంచి 8 గంటలు పడుతుంది. సూక్ష్మదర్శిని కింద రెండు కణాల పిండాన్ని చూసి, నాలుగు గంటల తర్వాత వచ్చి చూస్తే అవే రెండు కణాలు కనిపించడంతో, చచ్చిపోయిందనుకుని ఒక గిన్నెడు పారబోయబోయాను కూడా. 64 కణాలకు చేరడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. అంత వ్యవధిలో వెచ్చని నీటి పగడమైన అక్రోపోరా పిండం ఈదడమే మొదలుపెడుతుంది. ఈలోగా ఫలదీకరణం చెందని గుడ్లు చితికిపోయి నీరు కలకబారింది, వాటి వెంటే ఏకకణ జీవులు ముసిరాయి. ఇక లాభం లేదని, బాగున్న పిండాలను పిపెట్‌తో ఒక్కొక్కటిగా ఏరి, వడగట్టిన సముద్రపు నీటిలోకి రోజూ మార్చడం మొదలుపెట్టాను. మెడ పట్టేసింది గానీ పిండాలు నిలిచాయి.

ఒంటినిండా శైలికలున్న (ఈదడానికి పనికొచ్చే సన్నని వెంట్రుకల్లాంటివి) ప్లాన్యులా లార్వాలుగా, అంటే ఈదే పగడపు పిల్లలుగా మారాక అవి పైకి ఈదాయి. సెకనుకు అర మిల్లీమీటరు వేగం: ఆపకుండా ఈదినా 100 మీటర్లు ఎక్కడానికి రెండు రోజులకు పైనే పడుతుంది. అయినా ఆ ఎదురీతకు ఫలితం ఉంది. మీది పొరల్లోని ప్రవాహాలు అందుకుంటే, తల్లి దిబ్బకు చాలా దూరం వెళ్లిపోవచ్చు.

నాలుగో వారంలో వాటి తీరు మారింది. ఒకటి నిట్టనిలువుగా కిందికి దిగి, ముందు కొసను గాజుకు ఆనించి, బొంగరంలా కాసేపు తిరిగి, మళ్లీ లేచిపోయింది. ముప్పయ్యో రోజు ప్రాంతంలో దంశకోశాలు (కుట్టే కణాల్లోని సన్నని తిత్తులు) కూడా కనిపించడంతో ఇక అతుక్కుంటాయని ఆశపడి, గిన్నె అడుగున పాత పగడపు అస్థిపంజరపు ముక్కలు, గులకరాళ్లు, ఆల్చిప్పలు పరిచాను. అన్నింటినీ తాకి చూశాయి, ఒక్కటీ నిలవలేదు. ఎనిమిదో వారం చివరికి గిన్నెలో మూడే మిగిలాయి. వాటిలో ఒకటి అస్థిపంజరపు ముక్క అంచు దగ్గర ఇంకా తిరుగుతూనే ఉంది.